మెహఫిల్లో మా చోటెక్కడ?

నలభై దాటిన వాళ్లనెవర్ని కదిపినా ఒకటే మాట. ఆ రోజుల్లో పాడేవాళ్లే వేరు, ఆ మెహఫిళ్లే వేరు, ఇప్పుడంతా హంగామా అని. మా అబ్బాల తరం ఈ మాటే అన్నది. వాళ్ల అబ్బాలూ అనే ఉంటారు. ఇందులో సగం మోకాళ్ల నొప్పి, సగం నిద్ర చాలకపోవడం. తెల్లవార్లూ కింద కూచుని వినే ఓపిక మనకు పోయాక, కళకే కాలం చెల్లిందనడం తేలిక. ఆ పాత ఏడుపు ఇక్కడ ఏడవదలుచుకోలేదు.

అయితే వయసుతో పాటు వినడంలో ఒక మార్పు మాత్రం నిజంగానే వస్తుంది. ఇరవై ఏళ్లప్పుడు మేం గొంతు వినడానికి పోయేవాళ్లం. హార్మోనియం మీద వేళ్లు పడేదాకా మైకులో ఎవరేం చెప్పారో మా చెవికెక్కేది కాదు. ఇప్పుడు ఆ ముందుమాటే ముందు వినబడుతోంది. మొదటి వరసలో ఎవరు కూచున్నారు, చివర్న ఎవరు నిలబడ్డారు, ఏ పాట అడిగి పాడించుకున్నారు, ఏ పాట జోలికి పోలేదు అన్నవి కూడా పాటలో భాగంగానే వినబడుతున్నాయి. ఇంట్లో ఉర్దూ, ఆఫీసులో తెలుగుతో బతికే మాలాంటి వాళ్లకు రెండు చెవులు రెండు పనులు చేస్తాయి. ఒక చెవి పాట వింటుంది. రెండో చెవి ఆ పాట గురించి పక్క కుర్చీలో తెలుగులో అనుకునే మాటలు వింటుంది. ఈ రెండో చెవి విన్నదాన్ని కూడా సంగీత విమర్శలో చేర్చాలన్నదే మా వాదం.

ముందు దర్గా సంగతి. సమా అనే అరబ్బీ మాటకు అర్థం వినడం. చిష్తీ దర్గాల్లో జరిగే ఖవ్వాలీ సభకు అదే పేరు. అంటే ఆ సభ పేరులో పాడేవాడు లేడు, వినేవాడున్నాడు. ఇది గమనించాల్సిన విషయం. ఖవ్వాల్ ఒక మిస్రా ఎత్తుకుంటాడు. వినేవాళ్లలో ఎవరో ఒకరికి అది లోపల తగులుతుంది. కళ్లు మూసుకుంటాడు, ఊగుతాడు, లేచి నిలబడతాడు. ఆ స్థితినే హాల్ అంటారు. ఇక ఖవ్వాల్ ముందుకు పోడు. ఆ మిస్రానే తిప్పి తిప్పి పాడతాడు. ఆ మనిషి మామూలు స్థితికి వచ్చేదాకా ఆ మాటను వదలకూడదనేది అక్కడి మర్యాద. పాట ఎంతసేపు నడవాలో గడియారం తేల్చదు. మూలన మాసిన కుర్తాలో కూచున్న ఎవరో తేలుస్తారు. ఆయన పేరు కూడా ఎవరికీ తెలియకపోవచ్చు.

సభకు ఒక వరస ఉంటుంది. ఖౌల్‌తో మొదలు. తర్వాత అల్లాను, ప్రవక్తను, వలీలను తలుచుకునే పాటలు. ఆ తర్వాతే ప్రేమ గజళ్లు. చివర అమీర్ ఖుస్రో (1253–1325) పేరు మీద తరతరాలుగా వస్తున్న రంగ్. నడుమ గిరహ్ అనే విద్య ఒకటుంది. ఒక కవి మాటకు ఇంకో కవి మాటను, ఒక భాషకు మరో భాషను అప్పటికప్పుడు ముడివేయడం. పారసీ మిస్రా మధ్యలో హిందవీ దోహా వచ్చి కూచుంటుంది. నజరానా ఇచ్చే పద్ధతి కూడా చూడాలి. నోట్లు గాల్లో విసరరు. సభకు పెద్దగా కూచున్న సజ్జాదా చేతికి వినయంగా ఇస్తే, ఆయన దగ్గర్నుంచి ఖవ్వాల్‌కు చేరుతుంది. నాంపల్లి యూసుఫైన్ దర్గాలోనో, మరో దర్గా ఉర్సులోనో ఇదంతా చూసినవాళ్లకు పాట అంటే వేదిక మీద జరిగేది మాత్రమే కాదని తెలుస్తుంది. పాడేవాడికీ వినేవాడికీ మధ్య ఉండే ఇచ్చిపుచ్చుకోవడమే అక్కడ పాట.

మా ఊరికి ఈ విద్య ఎక్కడినుంచో అరువు వచ్చి పోయింది కాదు. చివరి మొగల్ పాదుషా బహదూర్ షా జఫర్ దర్బారులో పాడిన తాన్‌రస్ ఖాన్ 1857 తర్వాతి రోజుల్లో నిజాం దర్బారుకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఆ వంశంలోని వాడే అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ. 1971లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆయన మనవళ్లు వార్సీ బ్రదర్స్ పేరుతో ఆ బాణీని ముందుకు తీసుకొచ్చారు. మా తరం హైదరాబాదీలకు ఖవ్వాలీ అంటే ఆ ఇంటి గొంతే. తాన్ల మీద పట్టున్న గాయకులు వాళ్లు. రాగాన్ని నిలబెట్టాకే చప్పట్లను పిలుస్తారు. పాత గ్రామఫోన్ సంగీతం విని పెరిగిన మా పెద్దలు వాళ్లను మెచ్చుకున్నది అందుకే.

ఇప్పుడు ఇదే పాట ఊళ్లోకి వచ్చింది. దర్గాలో హాల్ వేరు, ఊళ్లో హాలు వేరు. 1961లో కట్టిన రవీంద్రభారతి కావచ్చు, బాగు చేసిన నవాబుల మహలు కావచ్చు, పెద్ద హోటల్ పచ్చిక కావచ్చు. గంటన్నర కార్యక్రమం. ‘సూఫీ నైట్’ అని పెద్ద అక్షరాలు. ఖౌల్ పది నిమిషాల్లో ముగించాలి, ఎందుకంటే ముందు వరస వాళ్లకు అది అర్థం కాదు. నాత్ వద్దంటారు, ‘మరీ మతపరంగా’ ఉంటుందట. సినిమాలో వచ్చిన ఖవ్వాలీ అయితే మూడుసార్లు అడుగుతారు. ఎవరికైనా నిజంగా హాల్ వచ్చి లేచి నిలబడితే, వెనకవాళ్లకు అడ్డమొస్తున్నాడని సెక్యూరిటీ అబ్బాయి వచ్చి భుజం మీద చెయ్యేసి కూచోబెడతాడు. చప్పట్లకు మాత్రం అనుమతి ఉంది, అవి కూడా గాయకుడు అడిగినప్పుడు.

ఖవ్వాల్‌ను తప్పు పట్టడం లేదు. దర్గా నజరానాతో పిల్లల ఫీజులు కట్టలేరు. హోటల్ పచ్చిక మీద పాడితేనే ఇల్లు గడుస్తుంది. పట్టాల్సింది ఆ ముందుమాటను. ప్రతి సూఫీ నైట్‌లో వినబడే మాట ‘గంగా జమునీ తెహజీబ్’. మూసీ ఒడ్డున కూచుని, కృష్ణా నీళ్లు తాగుతూ, మా బతుకును గంగా జమునల పేరుతో ఎందుకు పిలవాలో మాకు ఇప్పటికీ బోధపడదు. పైగా వ్యాఖ్యాత నోట సూఫీ అన్న మాట వందసార్లు వస్తుంది, ముస్లిం అన్న మాట ఒక్కసారీ రాదు. సూఫీ అంటే అందరికీ ఇష్టమైన ముస్లిం, కనబడకుండా వినబడే ముస్లిం. టిక్కెట్టు కొని ఆ పాట విన్నవాళ్లే, ఆ పాట పాడినవాడు అద్దెకు ఇల్లడిగితే పేరు చూసి లేదంటారు. ఇరవైలలో మాకు ఈ రెంటికీ సంబంధం కనబడేది కాదు. నలభైలలో ఇల్లు వెతుక్కున్న అనుభవాలన్నీ పోగుపడ్డాక, ఆ ముందుమాట దగ్గరే మా చెవి ఆగిపోతోంది.

అట్లా అని దర్గాలో అంతా బాగుంది, హాల్లో అంతా చెడిందని తీర్పు చెప్పేస్తే అది సగం నిజమే. దర్గా సమాలో మా అమ్మీలకూ అక్కచెల్లెళ్లకూ చోటెక్కడ? జాలీ వెనక, పరదా వెనక. పాడే హక్కు సంగతి సరేసరి. షకీలా బానో భోపాలీ లాంటి ఆడ ఖవ్వాల్ 2002లో పోయేదాకా దేశమంతా పేరు మోసింది గానీ, ఆ పేరు వచ్చింది బయటి వేదికల మీదా సినిమాల్లోనే. ముంబయి హాజీ అలీ దర్గా లోపలికి ఆడవాళ్లు పోవడానికి 2016లో హైకోర్టు తీర్పు కావలసి వచ్చింది. ఊళ్లోని హాలులో మాత్రం మా ఆపా మొదటి వరసలో కూచుని గట్టిగా వాహ్ అనగలదు. తప్పులున్న ఆ హాలే ఆమెకు చోటిచ్చింది. ఇది ఒప్పుకోకుండా సంప్రదాయం గురించి మాట్లాడే మగవాళ్లను మేం నమ్మం.

ఇక గజల్. వయసు మీద పడుతున్న కొద్దీ మాకు విఠల్‌రావు ఎక్కువగా గుర్తొస్తున్నాడు. నిజాం కొడుకు ప్రిన్స్ మొఅజ్జం జా కొలువులో చిన్నప్పుడే పాడి, ఆ కొలువులన్నీ పోయాక కూడా ఉర్దూ గజల్‌ను ఈ ఊళ్లో బతికించినవాడు. మేం ఆయన్ని విన్నది ఆయన డెబ్భైలలో. ఊపిరి కురచయింది. పై స్థాయికి పోయే చోట పోకుండా ఆగేవాడు. కానీ ఒక్క అక్షరం నలిగేది కాదు. ఖ ఖలాగే, గ గలాగే, షేర్‌లోని ప్రతి మాట దాని బరువుతో దిగేది. కుర్రతనంలో తాన్ల కోసం చెవులు రిక్కించిన మాకు అది పేదగా అనిపించే పాట. ఇప్పుడు తలుచుకుంటే, ముసలి గాయకుడి విద్యంతా వదిలేసిన దాంట్లోనే ఉందనిపిస్తుంది. గొంతు తగ్గాక కవి వినబడ్డాడు. 2015లో షిర్డీ యాత్రలో ఆయన తప్పిపోయారు. కొన్ని వారాల తర్వాత హైదరాబాద్‌లోనే కన్నుమూశారు.

విఠల్‌రావు హిందువు. ఆయన ఉర్దూ ఎవరిదని మేం ఎన్నడూ అడగలేదు. మా ఇళ్లలో ఆయన్ని ఉస్తాద్ అనే పిలుచుకున్నాం. బడే గులాం అలీ ఖాన్ విభజన తర్వాత పాకిస్తాన్‌లో ఉండలేక ఈ దేశానికి తిరిగొచ్చి, 1968లో హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు. ఆయన్నీ ఎవరూ ధ్రువపత్రాలు అడగలేదనుకుంటూ పెరిగాం. 2015 అక్టోబర్‌లో ముంబయిలో జరగాల్సిన గులాం అలీ గజల్ కచేరీ శివసేన వ్యతిరేకతతో రద్దయింది. అది జగ్‌జీత్ సింగ్ జ్ఞాపకార్థం పెట్టుకున్న సభ. కళకు సరిహద్దులుండవని సంతాప వాక్యాలు చాలామంది రాశారు. మా సంకటం వేరు. గులాం అలీ పాకిస్తానీ, ఆయనకు తన దేశం ఉంది, వెళ్లిపోయాడు. ఆయన క్యాసెట్లు ఇంట్లో ఉన్న మా మీదకు ఆ ప్రశ్న మళ్లింది. నీకు ఆయన పాట ఎందుకిష్టం అని అడిగే గొంతులో సంగీతం గురించిన ఆసక్తి ఉండదు. అదే గజల్ పక్కింటి శర్మగారికి ఇష్టమైతే అది అభిరుచి. మాకు ఇష్టమైతే అది అనుమానం.

ముషాయిరాల దగ్గరికి వద్దాం. ఇక్కడ కూడా వినేవాడు సభలో సగం. కవి మొదటి మిస్రా చదివి ఆగుతాడు. ముకర్రర్ అంటే మళ్లీ చదువుతాడు. సభ ఆ మిస్రాను తనూ పలుకుతుంది. అప్పుడే రెండోది వస్తుంది. ఆ ఆగడంలోనే కవి నేర్పంతా ఉంది. 2020లో పోయిన రాహత్ ఇందోరీ ఆ ఆగడాన్ని ఎంత సాగదీయగలడో విన్నవాళ్లకు తెలుసు. ఇవాళ ఆ ఆగడం సెల్‌ఫోన్ కోసం. ముప్పై సెకన్ల ముక్కగా బయటికి పోయే షేర్ ముందు, గజల్‌లోని తక్కిన షేర్లు గాలికి పోతున్నాయి. సూటిగా అధికారాన్ని తిట్టే షేర్‌కు హోరెత్తే దాద్, నెమ్మదిగా మనసు విప్పే షేర్‌కు రావడం లేదు. భయంలో ఉన్న జనం గట్టిగా అరవాలనుకోవడం సహజమే. కానీ భయం మాత్రమే మా కవిత్వానికి కొలత అయితే, మా ప్రేమలూ మా చలోక్తులూ మా పనికిరాని మధ్యాహ్నాలూ ఎవరు రాస్తారు?

నవ్వు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. హైదరాబాద్‌లో జిందా దిలానే హైదరాబాద్ అనే సంస్థ 1962 నుంచి హాస్య సభలు పెట్టి దక్కనీ నవ్వును దేశమంతా వినిపించింది. ఆ మజాహియా ముషాయిరాల్లో హిమాయతుల్లా, గౌస్ ఖామఖా లాంటి కవులు మైకు ముందుకు రాగానే సభ విరగబడేది. దక్కనీ మా అమ్మీల భాష. వంటింటి భాష, కుట్టు మిషను భాష, కిరాణా కొట్టు భాష. తెలుగు నుడికారం కలిసిన భాష. గోల్కొండ సుల్తాన్ మహమ్మద్ కులీ కుతుబ్ షా (పాలన 1580–1612) రాజ్యమేలుతూ ప్రేమ కవిత్వం రాసుకున్న భాష. అట్లాంటి భాషకు ఇవాళ వేదిక మీద ఒకటే వేషం మిగిలింది, నవ్వించడం. ‘నక్కో’ అనగానే నవ్వు, ‘హౌ’ అనగానే నవ్వు. ఇంకా ఏం చెప్పబోతున్నాడో వినకముందే నవ్వు. ‘ది అంగ్రేజ్’ సినిమా తర్వాత ఈ నవ్వు మరీ పెరిగింది. తెలుగు సినిమాల్లో మా భాష మాట్లాడే పాత్ర రాగానే పక్కనే ఉన్నవాడు నవ్వడానికి సిద్ధమవుతాడు.

ఇందులో కవుల తప్పు లేదు. గుల్బర్గాలో ఉండి రాసిన సులేమాన్ ఖతీబ్ (1922–1978) ఈ నవ్వు సంగతి అందరికన్నా ముందే పట్టుకున్నాడు. పెళ్లిళ్ల బేరాల మీద, అత్తాకోడళ్ల మీద ఆయన రాసినవి నవ్విస్తూ మొదలవుతాయి. కట్నం దగ్గరకొచ్చేసరికి నవ్వినవాడికి గొంతు పూడుకుపోతుంది. దక్కనీతో ఏడవచ్చని చూపించినవాడు ఆయన. మన సభలు మాత్రం ఆయన దగ్గర మొదటి సగమే నేర్చుకున్నాయి. ఇదే హైదరాబాద్ నవ్వుల బడిలోని పెద్ద రచయిత ముజ్తబా హుస్సేన్ తనకు 2007లో వచ్చిన పద్మశ్రీని వెనక్కి ఇచ్చేస్తున్నానని 2019 డిసెంబర్‌లో పౌరసత్వ చట్టం గొడవల్లో ప్రకటించాడు. 2020 మేలో కన్నుమూశాడు. జీవితమంతా నవ్వించిన మనిషి చివర్న చేసిన పని అది. ఆయన హాస్యం గురించి మాట్లాడే సభల్లో ఈ సంగతిని గొంతు తగ్గించి దాటేస్తే, ఆయన నవ్వు కూడా మనకు అర్థం కానట్టే.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఉర్దూ మెహఫిళ్లు. మా లెక్కలో ఉన్న లోపం ఎవరైనా ఇక్కడే పట్టుకోవచ్చు. ముస్లిం సంగీతమనగానే ఖవ్వాలీ, గజల్, ముషాయిరా అని వేళ్లు మడిచే అలవాటు బయటివాళ్లది మాత్రమే కాదు. ఉర్దూ వచ్చిన మా పెద్దింటి వాళ్లదీ అదే అలవాటు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టిన షేక్ నాజర్ (1920–1997) బుర్రకథను కోస్తా అంతా ఊరూరా తిప్పాడు. పల్నాటి యుద్ధాన్ని, బెంగాల్ కరువును, అల్లూరిని చెప్పి వేలమందిని రాత్రంతా కూచోబెట్టాడు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన జీవిత కథ పేరు ‘పింజారి’. ఊరు తిట్టుగా వాడిన మాటనే పుస్తకానికి పేరుగా పెట్టారు. బుర్రకథలో వంత పాడేవాడు అడుగడుగునా ‘తందాన’ అంటాడే, మా ముషాయిరాలోని దాద్‌కు అది సొంత చెల్లెలు. కానీ ఉర్దూ రాదని నాజర్‌ను మా వాళ్లు లెక్కలోకి తీసుకోలేదు. తెలుగువాళ్లు ఆయన్ని మెచ్చుకునేటప్పుడు ఆయన పుట్టుకను మరిచిపోయారు, లేదా ‘ముస్లిం అయినా’ అని కలిపారు.

ఒంగోలు పక్కన కరవదిలో పుట్టిన షేక్ చిన్న మౌలానా (1924–1999) సంగతీ అంతే. తరాలుగా గుళ్లలో నాదస్వరం వాయించిన ఇల్లు. ఆయన శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో వాయిస్తూ, నమాజు మానకుండా బతికాడు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1998లో సంగీత కళానిధి ఇచ్చింది. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. భర్త పక్కన సమానంగా కూచుని నాదస్వరం పట్టిన ముస్లిం స్త్రీని చూడాలంటే ఈ కచేరీకే పోవాలి. మా ఖవ్వాలీలో ఆమెకు లేని చోటు గుడి వాద్యంలో దొరికింది. ఈ విషయం మీద మా ఉర్దూ పత్రికల్లో ఎంత చర్చ జరగాలి! జరగలేదు. తెలుగు పత్రికలు మాత్రం మతసామరస్యం శీర్షిక కింద ఒక ఫొటో వేసి ఊరుకున్నాయి. ఆమె ఊపిరి గురించి, రాగాలాపన గురించి, సంగీతం గురించి రాసింది తక్కువ. ఆమె ముస్లిం కావడం గురించి రాసింది ఎక్కువ.

మొత్తం మీద తేలేది ఇది. మాకు వేదికలు లేవని కాదు. ఉన్నాయి. కానీ ప్రతి వేదిక మమ్మల్ని ముందే రాసి పెట్టుకున్న పాత్రలో పిలుస్తోంది. సూఫీ నైట్‌లో శాంతిదూత, మజాహియాలో విదూషకుడు, గుడి వాద్యంలో సామరస్యానికి సాక్షి. పాడేవాణ్ని పాడేవాడిగా, వినేవాణ్ని వినేవాడిగా చూసే సభ అరుదైపోయింది. బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లామకాన్ లాంటి చోట్ల టీ గ్లాసు పట్టుకుని గట్టు మీద కూచుని వినొచ్చు. అక్కడ దక్కనీ నవ్వుకూ చోటుంది, కోపానికీ చోటుంది. అట్లాంటివి ఒకటో రెండో కాదు, పేటకొకటి కావాలి. ముఖ్యంగా పాతబస్తీలో కావాలి. దక్కనీ పుట్టిన గల్లీ జనం దక్కనీ వినడానికి రెండు బస్సులు మారి కొండెక్కాల్సి రావడం ఏం న్యాయం?

సభలు పెట్టేవాళ్లకు మా మాటలు కొన్ని. ఖవ్వాలీని దాని వరసలో సాగనివ్వండి. అర్థం కాకపోతే ముందు నాలుగు మాటల్లో తెలుగులో అర్థం చెప్పించండి. మేం చెబుతాం, ఉచితంగానే. గజల్ పాడేటప్పుడు రాసిన కవి పేరు చెప్పండి. దక్కనీ కవిని పిలిచి, ఏడిపించే కవిత కూడా చదవమనండి. నాదస్వరం విద్వాంసుల మతం గురించి రాసే ముందు వాళ్లు ఆ సాయంత్రం ఏ రాగం వాయించారో రాయండి. మా దర్గా పెద్దలకూ ఒక మాట. జాలీ వెనక కూచున్నవాళ్ల చెవులు కూడా చెవులే. నాజర్ మీద, చిన్న మౌలానా మీద ఉర్దూలో రాయించే పని మన మీదే ఉంది, ఇంకెవరూ చేయరు.

మేం ఇంకా పోతూనే ఉంటాం. ఇంతకు ముందులా తెల్లవార్లూ కింద కూచోలేం కాబట్టి కుర్చీ అడుగుతాం. ఆ కుర్చీ అతిథుల వరసలో వద్దు, ప్రదర్శన బల్ల మీద అసలే వద్దు. వినేవాళ్ల మధ్య వేస్తే చాలు.